ఇంటర్నెట్ తొలి గడపలు, రాష్ట్రేతర తెలుగు విద్యార్థి

తెలుగువారికి ఇంటర్నెట్ అనగానే హైదరాబాదు గుర్తుకు రావడం సహజం. కాని తేదీలనూ ఊళ్ల పేర్లనూ వరుసలో పెట్టి చూస్తే కథ వేరేచోట మొదలవుతుంది. ఆ తొలి గడపలు ఎవరికి తెరుచుకున్నాయి, ఎవరికి తెరుచుకోలేదు అన్నది ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం.

1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో, ఎర్నెట్ అనే విద్యా పరిశోధక నెట్‌వర్కును ప్రారంభించింది. మొదట చేరినవి ఎనిమిది సంస్థలు: ఢిల్లీ, బొంబాయి, కాన్పూరు, ఖరగ్‌పూరు, మద్రాసు ఐ.ఐ.టి.లు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, బొంబాయిలోని ఎన్.సి.ఎస్.టి.; ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ. వీటిలో ఒక్కటీ ఆంధ్రప్రదేశ్‌లో లేదు. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మద్రాసు, బెంగళూరు, బొంబాయి ఉన్నాయి. రైల్వే ఉద్యోగాలతో తెలుగువారు చేరిన ఖరగ్‌పూరు కూడా ఉంది.

ఆ ప్రాంగణాల్లోని విద్యార్థికి కలిగిన మేలు చిన్నది కాదు. విదేశాల పరిశోధన పత్రికలు ఓడలో నెలల తరబడి ప్రయాణించి గ్రంథాలయానికి చేరేవి. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్‌లో ప్రారంభించిన భౌతికశాస్త్ర వ్యాసభాండారం మొదట ఈ-మెయిల్ ద్వారానే పనిచేసింది. కనుక మెయిల్ సౌకర్యం మాత్రమే ఉన్నచోట కూడా, అచ్చుకాకముందే వ్యాసం చదివే వీలు కలిగింది. అయితే ఖరగ్‌పూరు రైల్వే క్వార్టర్లలోని తెలుగు కుటుంబానికి అదే ఊళ్లోని ఈ సౌకర్యం అందలేదు. ఊరు ఒకటైనా గడప వేరు.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ అందించడం మొదలుపెట్టింది. తొలి జాబితాలో బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు ఉన్నాయి, హైదరాబాదు లేదు. సెకనుకు 9.6 కిలోబిట్ల వేగంతో 250 గంటలకు వ్యక్తులు చెల్లించవలసిన రుసుము 5,000 రూపాయలు. ఫోను బిల్లు దానికి అదనం. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలను అనుమతించాక ధరలు దిగాయి, ఎస్.టి.డి. బూతుల పక్కన ఇంటర్నెట్ సెంటర్లు వెలిశాయి. సొంత కంప్యూటరు లేనివాడికి కూడా గంట లెక్కన ప్రవేశం దొరికింది.

అప్పటినుంచి వృత్తినిపుణులకూ వినియోగదారులకూ కలిగిన బలాన్ని రెండు ఉదాహరణలు చూపగలవు. 1997 జూన్‌లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం పబ్‌మెడ్‌ను ఉచితం చేసింది. జిల్లా కేంద్రంలోని వైద్యుడు, కనెక్షన్ ఉంటే చాలు, పెద్ద వైద్య కళాశాల ఆచార్యుడు వెదికే సూచికనే వెదకగలిగాడు. 2002 ఆగస్టులో రైల్వే టికెట్లు ఇంటర్నెట్‌లో కొనే వీలు కలిగింది. మొదట్లో టికెట్టు కొరియరులో వచ్చేది. బెర్తు ఉందో లేదో కౌంటరు వెనక గుమాస్తాకు మాత్రమే తెలిసే రోజులు పోయాయి. రెండుచోట్లా జరిగింది ఒకటే: సమాచారం ఒకరి గుప్పిట్లోంచి బయటపడింది.

ఇంతకీ ఆ సమాచారం ఏ భాషలో ఉంది? చాలావరకు ఇంగ్లీషులో. ప్రవేశానికి టెలిఫోను తీగ, డబ్బు చాలలేదు. అక్షరం కూడా కావలసివచ్చింది. 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కినా, మామూలు కంప్యూటరు దాన్ని సరిగా చూపడానికి చాలా ఏళ్లు పట్టింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో ఆ ఏర్పాటు వచ్చింది. ఈలోగా తెలుగు రోమన్ లిపిలో నడిచింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు చిన్న బడి ‘టి’ తకారం, పెద్ద బడి ‘టి’ టకారం. తెలుగు మాట వచ్చి లిపి రాని రాష్ట్రేతర విద్యార్థికి ఇది నిజంగా ఉపకరించింది; ఇంట్లో మాట్లాడే తెలుగును తొలిసారి రాయగలిగాడు. కాని 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటివి తెలుగు లిపిలో పెరిగాయి. లిపి రానివారు మళ్లీ గడప బయటే మిగిలారు. ఈసారి అడ్డు డబ్బు కాదు, యాభై ఆరు అక్షరాలు.

అందుచేత మా విద్యార్థులను రెండు పనులు కోరుతున్నాం. లిపి రానివారు ఈ సెలవుల్లోనే నేర్చుకోండి. లిపి వచ్చినవారు మీ ఇళ్లలో, బంధువుల ఇళ్లలో ఆ కాలపు రోమన్ తెలుగు ఉత్తరాల ప్రతులు, ఫ్లాపీలు ఉన్నాయేమో అడగండి. హోసూరు తెలుగు, బరంపురం తెలుగు, షోలాపూరు తెలుగు పలికినట్టే రాసిన జాడలు వాటిలో దొరకవచ్చు. ఫ్లాపీలు చెడిపోతున్నాయి, చదివే యంత్రాలూ అరుదవుతున్నాయి. దొరికినవాటికి, రాసినవారి అనుమతితో, నకలు తీసి పీఠానికి అందజేయండి.