భూసార పోషణ: పిడక నుండి యూరియా దాకా

పంట ఇంటికి చేరినపుడు గింజతోపాటు నేలలోని నత్రజని, భాస్వరము, పొటాషియము కూడ కొంత తరలివస్తవి. పోయిన సారమును నేలకు తిరిగి ఇచ్చుట ఎట్లు? ఈ ప్రశ్నకు మన దేశములో కాలమునుబట్టి వేరువేరు సమాధానములు వచ్చినవి.

1889లో వోల్కర్ అను ఆంగ్ల రసాయనజ్ఞుడు మన సేద్యమును పరిశీలింప వచ్చినాడు. ఆయన నివేదిక 1893లో వెలువడినది. రైతు పేడను పిడకలుగా కాల్చుట తెలియనితనముచేత కాదనియు, వంటచెరకు దొరకకపోవుటచేతననియు ఆయన గ్రహించినాడు. పిడక కాలినపుడు అందలి నత్రజని గాలిలో కలిసిపోతుంది; బూడిదలో ఖనిజ లవణములు మాత్రమే మిగులుతవి. కనుక వంటచెరకుకై, మేతకై చెట్లు పెంచవలెనని ఆయన సూచన.

1924లో ఇందూరులో పరిశోధనాలయము నెలకొల్పిన ఆల్బర్ట్ హవార్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి వేరొక దారి చూపినాడు. చెత్త, పేడ, పశువుల మూత్రముతో తడిసిన మట్టి, బూడిద పొరలుగా పేర్చి, తిరగవేయుచుండిన సుమారు 90 రోజులలో మంచి కంపోస్టు తయారగును.

కాని దిబ్బఎరువు చేనినుండి వచ్చినదానినే చేనికి ఇవ్వగలదు. పెరుగుతున్న జనమునకు అది చాలలేదు. 1951లో సింద్రీ కర్మాగారములో అమ్మోనియం సల్ఫేటు ఉత్పత్తి ఆరంభమైనది. 1960 తరువాత వచ్చిన పొట్టి వంగడములు ఎక్కువ ఎరువును తట్టుకొని ఎక్కువ దిగుబడి ఇచ్చినవి. యూరియా బస్తా పల్లెలకు చేరినది.

ఇంతలో కొత్త చిక్కు తలెత్తినది. పంత్‌నగరములో వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు వేసే 'ఖైరా' జబ్బుకు కారణము జింకు లోపమని 1966లో నెనె నిరూపించినాడు. 1970లో దేశములో పలుచోట్ల దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగములు మొదలైనవి. రాంచీలోని ఆమ్లగుణముగల ఎర్రనేలలో నత్రజని ఎరువు ఒక్కటే ఏండ్ల తరబడి వేసిన మడులలో దిగుబడి క్షీణించినది. ఏల? అమ్మోనియా నైట్రేటుగా మారునపుడు ఆమ్లము పుట్టును. తక్కిన పోషకములు తరిగిపోవును. మూడు పోషకములతోపాటు పశువుల ఎరువు కూడ పడిన మడులు నిలదొక్కుకొన్నవి.

ఉష్ణమండలములో ఈ పాఠము మరింత ముఖ్యము. వేడిమిలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థమును త్వరగా హరించును. నీటిని, పోషకములను పట్టి ఉంచునది అదే. కాబట్టి బస్తాకు, దిబ్బకు పోటీ లేదు: ఒకటి పంటకు ఆహారము, రెండవది ఆ ఆహారమును నిలుపు పాత్ర.

2015లో ఆరంభమైన భూసార పరీక్ష పత్రములో 12 అంశములున్నవి. వానిలో సేంద్రియ కర్బనము ఒకటి. విద్యార్థులు తమ ఊరి రైతువద్ద ఆ పత్రమును అడిగి, యూరియా మోతాదుకంటె ముందు ఆ అంకెను చదువవలెను. నాడు పొయ్యిలో కాలిపోయినదేమో అది చెప్పగలదు.