కాటి సీను దాకా కూర్చోవాలి

ఆ కందికట్టె కాస్త లోపలికి తొయ్యరా, మంట అందుకుంటుంది. నాటకాల సంగతి అడిగారుగా, చెప్తా.

మా చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకమంటే రాత్రి భోజనాలయ్యాక తెర లేస్తే తెల్లారేదాకా సాగేది. పొద్దుగూకక ముందే గోనెపట్టాలు పరిచి చోటు పట్టుకునేవాళ్లం. పక్క ఊళ్లవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. పెట్రోమాక్సు లైట్లు వెలిగి, హార్మోనియం శ్రుతి వినపడ్డదంటే అంత జనమూ సద్దుమణిగేది.

కాంట్రాక్టరు ఒక్కో సీనుకి ఒక్కో పేరున్న నటుణ్ణి మాట్లాడి తెచ్చేవాడు. కురుక్షేత్రం నాటకమైతే పడక సీనుకో కృష్ణుడు, రాయబారానికో కృష్ణుడు. తిరుపతి వేంకట కవులు రాసిన ఆ పద్యాలు, అక్షరం ముక్క రాని పాలేర్లు కూడా అరక దున్నుతూ పాడుకునేవాళ్లు. రాయబారంలో పీసపాటి నరసింహమూర్తి గారిని చూడాలి. ఆయన పద్యమెత్తుకుంటే ప్రతి మాటా విడిగా వినపడేది, అర్థం తెలిసేది. రాగం ఎంతసేపు లాగితే అంత గొప్ప అనుకునే వాళ్లుండేవారు, నాకది నచ్చేది కాదు. పద్యం రాగం కోసం పుట్టలేదు.

సురభి వాళ్ల మాయాబజారూ చూశాను. కడప జిల్లా సురభిలో 1885లో కీచకవధతో మొదలైన కుటుంబాలవి. తాతా మనవడూ ఒకే నాటకంలో వేషం కట్టేవాళ్లు. వాళ్ల మాయలు చూసి పిల్లలం నోళ్లు తెరిచేవాళ్లం.

కానీ నా మనసులో నిలిచింది మాత్రం హరిశ్చంద్రలో కాటి సీనే. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. విశ్వామిత్రుడి శిష్యుడు నక్షత్రకుడు అప్పు కోసం హరిశ్చంద్రుణ్ణి పీడించే సీన్లకి జనం నవ్వేవాళ్లు, తిట్టేవాళ్లు. కాటి సీనొచ్చేసరికి చలిలో దుప్పట్లు ముసుగేసుకుని కునికేవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. భుజాన కంబళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు కాటికాపరిగా వచ్చి, ఆ సమాధుల మధ్య పద్యమెత్తుకునేవాడు. ఆ పద్యాలు బలిజేపల్లి వారివి కావురా, మన వినుకొండ జాషువా గారివి. శ్మశానవాటి అని ఆయన రాసినవి నటులు తెచ్చి ఇందులో కలుపుకున్నారు, జనం వాటినిక పోనివ్వలేదు. కవీ, రాజూ, కొత్త పెళ్లికూతురూ అందరూ చేరేది ఇక్కడికేననీ, అంటరానితనానికి ఇక్కడ చోటు లేదనీ ఆ పద్యాలు చెప్తాయి.

ఆ రోజుల్లో మా ఊళ్లో పెద్దకులాలవాళ్లు ముందు కూర్చుంటే, మాలమాదిగలు దూరంగా ఓ పక్కన కూర్చునేవాళ్లు. పద్యం అయ్యీ అవకముందే రెండు వైపుల నించీ ‘వన్స్‌మోర్’ అని కేకలు. నటుడు మళ్లీ పాడేవాడు. దేనికి చప్పట్లు కొడుతున్నామో తెలిసీ, తెల్లారాక మళ్లీ వాళ్లని దూరంగానే నిలబెట్టిన ఊరు మాది. అది తలుచుకుంటే ఈనాటికీ నాకు సిగ్గే. ఆ పద్యం మాత్రం మా నాన్నతో సహా చాలామందిని కదిలించింది, అది నా కళ్లతో చూశాను.

ఆ పద్యాల తర్వాత హరిశ్చంద్రుడి భార్య చంద్రమతి, చనిపోయిన కొడుకు లోహితాస్యుణ్ణి చేతుల మీద మోసుకొస్తుంది. హరిశ్చంద్రుడు కాటిసుంకం అడుగుతాడు. భర్తకి తప్ప ఇంకెవరికీ కనపడని ఆమె మంగళసూత్రం ఆయన కంటబడుతుంది. అక్కడ ఏడవని ఆడమనిషిని నేను చూడలేదు. మగవాళ్లు కండువాతో మొహం తుడుచుకునేవాళ్లు. డి.వి. సుబ్బారావు గారు హరిశ్చంద్రుడి వేషం కట్టారంటే జనం ఎంత దూరమైనా నడిచి వచ్చేవాళ్లు.

ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూసేది నాటకం కాదురా. ఇప్పటికీ తిరునాళ్లకి అక్కడక్కడా ఆడుతున్నారు. ఈసారి మన పక్కన ఎక్కడ పడినా వెళ్లండి, కాటి సీను అయ్యేదాకా లేవకండి. పద్యం బాగుంటే వన్స్‌మోర్ అనండి.