మాటకు కావలి

జగిత్యాల కోటను చూచినవారు దాని అగడ్తను, నక్షత్రాకారమున వెలికి పొడుచుకొని వచ్చిన బురుజులను మెచ్చుకొందురు. 1747లో జఫరుద్దౌలా కొరకు ఫ్రెంచి ఇంజనీర్లు దీనిని కట్టిరని గెజిటీర్లు చెప్పుచున్నవి. శత్రువు గోడ దాపునకు ఏ మూలనుండి వచ్చినను ప్రక్క బురుజునుండి గుండు తగులునట్లు ఆ ఆకారమును కల్పించిరి. అయితే కోటకు కావలి రెండు విధములు. గోడ శత్రువు కాలిని ఆపును. అతని చెవిని ఆపవలసినది వేరొకటి. మందుగుండు ఎంత యున్నది, ధాన్యము ఎన్ని దినములకు చాలును, దిడ్డి తలుపు ఏ వేళ తెరతురు అను మూడు మాటలు బయటికి పొక్కినచో ఎంత ఎత్తయిన గోడయు నిరుపయోగమే. మొదటి కావలిని గూర్చి గ్రంథములు పెక్కు వెలువడినవి. రెండవదానిని గూర్చి వ్రాసినవారు తక్కువ. నేడు దానికి సమాచారభద్రత యని పేరు. మల్లాపూరు, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములనుండి హైదరాబాదు చేరి కంప్యూటరుల ముందు కూర్చుండి పనిచేయు యువకులకు ఇది క్రొత్త చదువువలె తోచవచ్చును గాని, ఇది దండులో పుట్టిన విద్య, మిక్కిలి పాతది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున గూఢచారులు తమ వార్తలను సంజ్ఞాలిపితో పంపవలెనను విధి కలదు. ఆ గ్రంథము ఎన్నో శతాబ్దములు కానరాక, మైసూరులో శామశాస్త్రిగారికి దొరకి 1909లో అచ్చుపడినది. కాని నీతిశాస్త్రపు తలపులు తెలుగుదేశమున మాసిపోలేదు. రామగిరి దుర్గము జగిత్యాలకు తూర్పున, నేటి పెద్దపల్లి జిల్లాలో నున్నది. ఆ దుర్గము నేలిన ముత్తభూపాలుని మంత్రి కందనామాత్యుని ఆదరమున నున్న మడికి సింగన, పదునైదవ శతాబ్దమున, పూర్వుల రాజనీతి పద్యములను ఏర్చి సకలనీతిసమ్మతమను సంకలనము కూర్చెను. అందులోని కొన్ని మూలగ్రంథములు నేడు లేవు; సింగన ఏర్చిన పద్యములే వానికి మిగిలిన జాడ. రాజు తన ఆలోచనను ఎవరికి చెప్పవలెను, ఎవరికి చెప్పరాదు, దూత యెట్టివాడు కావలెను అనునవి ఇట్టి గ్రంథములందు ముఖ్య విషయములు. గోదావరికి ఈవలి గడ్డమీద ఇట్టి గ్రంథము పుట్టుట ఈ ప్రాంతమువారు గర్వింపదగిన సంగతి.

వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో రహస్యలిపియు నొకటి. వ్యాఖ్యాతలు దానిలో మూలదేవీయమను పద్ధతిని వివరించిరి. ఆ పద్ధతిలో చవర్గమునకు టవర్గమును, తవర్గమునకు పవర్గమును మార్చి వ్రాయుదురు. తెలుగులో దానిని ప్రయోగించినచో 'తోట' యనుమాట 'పోచ' యగును, 'దండు' 'బంజు' యగును. పిల్లలు ప్రతి అక్షరమునకు 'క' చేర్చి మాటలాడుకొను ఆట దీనికి చెల్లెలే. చూచుటకు చిత్రముగా నున్నను ఈ కట్టు చాల బలహీనమైనది. ఏ భాషలోనైనను కొన్ని అక్షరములు మాటిమాటికి వచ్చును, కొన్ని అరుదుగా వచ్చును. మార్చి వ్రాసిన లేఖలోను ఆ లెక్క మారదు. ఆ లెక్కను పట్టుకొని రహస్యలిపిని విప్పవచ్చునని బాగ్దాదు నగరమున తొమ్మిదవ శతాబ్దములోనే అల్ కిందీ యను పండితుడు వ్రాసి చూపెను. నాటినుండి ఈ విద్యలో కట్టువారికి, విప్పువారికి నడుమ పోటీ ఆగలేదు.

ఇక సైనికుల మాట. ఉత్తరదేశమున సిపాయీని చాలకాలము 'తిలంగా' యని పిలిచెడివారు. పదునెనిమిదవ శతాబ్దమధ్యమున కుంఫిణీవారు వంగదేశమునకు కొనిపోయిన తొలి సిపాయీలలో తెలుగువారు ఉండుటచే ఆ పేరు వచ్చి, తరువాత ఏ దేశపు సిపాయీకైనను అదియే చెల్లినది. ఒక జాతిపేరు ఒక వృత్తికి పేరగుట సామాన్యము కాదు. నైజాము రాజ్యమున కథ వేరు. 1813లో రెసిడెంటు రసెల్ పేరిట ఏర్పడిన దళము హైదరాబాదు కంటింజెంటుగా పెరిగినది. దాని ఖర్చుకై 1853లో బేరారును నైజాము కుంఫిణీకి అప్పగింపవలసి వచ్చెను. 1903లో ఆ దళములు ఇంగ్లీషువారి సైన్యములో కలిసినవి. 1922లో పందొమ్మిదవ హైదరాబాదు రెజిమెంటు అను పేరు పొందినవి. పేరు హైదరాబాదుది; జవానులలో అధికులు మాత్రము కుమావూను, అహీర్వాలు మొదలగు ఉత్తరప్రాంతములవారు. అందుచేతనే 1945లో దానిని కుమావూను రెజిమెంటుగా మార్చిరి. ఆ పాత హైదరాబాదు రెజిమెంటులో చేరిన మేజరు సోమనాథశర్మయే 1947 నవంబరు 3న కాశ్మీరమున బద్గాము వద్ద నేలకొరగి, స్వతంత్రభారతమున తొలి పరమవీరచక్రమును పొందెను.

తెలుగుదేశమున తరతరములుగా సైన్యమును నమ్ముకొన్న ఊళ్లు కొన్ని కలవు. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. అచ్చట దాదాపు ఇంటింటికి ఒక సైనికుడు. అట్టి ఇండ్లలో పిల్లవానికి ఒకటి ఉగ్గుపాలతో అలవడును: తండ్రి ఉత్తరములో తానెక్కడ నున్నది వ్రాయడు, తల్లియు అడుగదు. పటాలము కదలిక ఇంటివారికైనను చెప్పరానిదని ఆ ఇంట ఎవరును ప్రత్యేకముగా బోధింపనక్కరలేదు.

సైన్యమున వార్తలు మోయు పనిని మొదట సాపర్సు అండ్ మైనర్సు దళములు చూచెడివి. 1911 ఫిబ్రవరి 15న సిగ్నల్సు దళము వేరుగా ఏర్పడెను. తంతి, దీపము, జెండా, ఆపైన వైర్‌లెస్సు దాని పనిముట్లు. వైర్‌లెస్సు వచ్చిన తరువాత చిక్కు హెచ్చినది. తంతిని శత్రువు తెంపవలెను లేదా చేరి వినవలెను. గాలిలో పోవు మాటను ఎవరైనను కూర్చున్నచోటినే వినవచ్చును. కనుక మాటను దాచుట మాని, మాట అర్థమును దాచుట నేర్చుకొనవలసి వచ్చెను.

ఈ విద్యకు ప్రాణము వెలయిచ్చినవారిలో నూర్ ఇనాయత్ ఖాన్‌ను తలచుకొనకుండ ముందుకు పోరాదు. ఆమె మైసూరు టిప్పుసుల్తాను వంశములోనిది. తండ్రి ఇనాయత్ ఖాన్ సంగీతవిద్వాంసుడు. హైదరాబాదులో గురువు నాశ్రయించి సూఫీ సాధన చేసి, ఆరవ నైజాము మహబూబలీఖాను ఎదుట పాడి మెప్పు పొందినవాడు. ఆమె 1914 జనవరి 1న మాస్కోలో పుట్టి, ఫ్రాన్సులో పెరిగి, పిల్లలకు కథలు వ్రాసెను. అహింసను నమ్మిన ఇల్లది. అయినను జర్మనులు ఫ్రాన్సును ఆక్రమించినపుడు ఆమె ఇంగ్లండుకు చేరి, వైర్‌లెస్సు పని నేర్చి, 1943 జూనులో రహస్యముగా ఫ్రాన్సు గడ్డమీద దిగెను. దిగిన కొలదిదినములకే ఆమె సహచరులలో పెక్కురు పట్టుబడిరి. తిరిగి రమ్మని లండనువారు చెప్పినను ఆమె ఒప్పుకొనలేదు. పారిసు నగరమున యంత్రమును పెట్టెలో మోసికొని ఇల్లు మారుచు, వీథి మారుచు, అక్టోబరు వరకు వార్తలు పంపెను. చివరకు ఎవరో అమ్మివేయగా పట్టుబడెను.

విచారణలో ఆమె నోరు విప్పలేదు. కాని ఆమె గదిలో ఒక నోటుపుస్తకము దొరకెను. తాను పంపిన వార్తలన్నిటిని, సంకేతములతో సహా, ఆమె అందులో వ్రాసి ఉంచెను. వార్తలను గూర్చి తనకిచ్చిన ఆజ్ఞలోని ఒక మాటను ఆమె 'భద్రపరచుము' అని అర్థము చేసికొనెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆ పుస్తకముతో జర్మనులు ఆమె పేరిటనే లండనుకు వార్తలు పంపిరి. సందేహింపవలసిన చోట్ల లండను అధికారులు సందేహింపలేదు. తత్ఫలితముగా విమానములనుండి దిగిన మరికొందరు నేరుగా శత్రువు చేతిలో పడిరి. ఈ నష్టమునంతయు ఆమె తలమీద పెట్టుట న్యాయము కాదు. ఎదుట మాటలాడుచున్నది తనవాడేనా యని పరీక్షించుట వినువాని విధి. ఆ విధిని విడిచినవారిదే పెద్ద తప్పు. 1944 సెప్టెంబరు 13న డాఖౌ నిర్బంధశిబిరమున ఆమెను కాల్చి చంపిరి. 1949లో బ్రిటిషు ప్రభుత్వము జార్జి క్రాసు పతకమును ఆమె పేర ప్రకటించెను.

ఇచ్చట మరొక సంగతియు చెప్పవలెను. దాచుట యనునది ఎల్లప్పుడు మంచిది కాదు. 1929లో నైజాము ప్రభుత్వము గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుతో అనుమతి లేని సభలను అడ్డెను. నలుగురు కూడి పత్రిక చదువుకొన్నను శంకించెడి దినములవి. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదలుకొని పల్లెల గ్రంథాలయముల వరకు అన్నియు ఆ నీడలోనే పెరిగినవి. ప్రజలనుండి విషయములను దాచుట ఒకటి. ప్రజల సొంత విషయములను దొంగలనుండి కాచుట వేరొకటి. రెండింటికి ఒకే పేరు పెట్టి మొదటిదానిని సమర్థింపజూచు ప్రభుత్వములు ఎన్నడును కలవు.

స్వాతంత్ర్యానంతరము ఈ విద్య దండునుండి గణితశాలకు, అచ్చటినుండి బ్యాంకులకు వచ్చినది. తెలుగు కుటుంబమున 1920లో పుట్టిన గణితవేత్త కల్యంపూడి రాధాకృష్ణరావుగారు యౌవనమున సైన్యపు సర్వే విభాగములో కొలువు కోరి కలకత్తాకు పోయిరి. ఆ కొలువు దొరకలేదు. అచ్చటి గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. లోకమునకు అది లాభమే అయినది. ఆయన పేరిట హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో వెలసిన సంస్థలో నేడు సంకేతలిపి శాస్త్రము పరిశోధనాంశములలో నొకటి. 2000లో సమాచార సాంకేతిక చట్టము వచ్చెను. 2004లో కంప్యూటరు దాడులను ఎదుర్కొనుటకు సెర్ట్-ఇన్ అను జాతీయ సంస్థ ఏర్పడెను.

ఈ వృత్తిలోని వాని పని బయటివారికి కనబడదు. ఎవరు లోపలికి వచ్చిరి, ఏ వేళ వచ్చిరి, దేనిని తాకిరి అనునది చూచుచుండుట. ఎవనికి ఎంత అవసరమో అంత అధికారమే యిచ్చుట. లెక్కల నకలును వేరొకచోట భద్రపరచుట. దొంగకంటె ముందుగా తానే తలుపులు త్రోసి చూచుట. ఇవన్నియు పటాలమునకు తెలిసిన పనులే. ఆయుధశాలలో తుపాకి తీసికొన్నవాడు సంతకము చేయవలెను, సాయంకాలము లెక్క సరిపోవలెను. ఒక్కటి తగ్గినచో ఎవరికిని నిద్ర లేదు. రాత్రి పహరాలోని జవాను ఎదురువచ్చిన అధికారినైనను నిలిపి సంకేతపదము అడుగును. పాస్‌వర్డు అను మాట పుట్టినదే అచ్చట. కనుక సిగ్నల్సులో పనిచేసి విరమించినవారు కంపెనీలలో ఈ కొలువునకే చేరుట వింత కాదు. దాడి జరుగని దినమున అతడు చేసినదేమని యజమాని అడుగును. జరిగిన దినమున అతడేమి చేయలేదని అడుగును. పహరా జవానుకును ఇదే గతి.

మల్లాపూరు వంటి ఊళ్లకు ఈ విషయము దూరమైనది కాదు. గల్ఫుదేశములకు పోయినవారు ఒకప్పుడు ఉత్తరములు వ్రాసెడివారు. చదువురానివారు మాటలను క్యాసెట్లలో పట్టి పంపెడివారు. నేడు వారి కష్టార్జితము ఫోనులో వచ్చి ఫోనులోనే పోవుచున్నది. బ్యాంకువాడనని చెప్పి ఓటీపీ అడుగువాడు, పోలీసునని చెప్పి వీడియోలో భయపెట్టువాడు, ఇద్దరును చేయునది పారిసులో జర్మనులు చేసినదే: తనది కాని పేరుతో మాటలాడుట. సొమ్ము పోయిన వెంటనే 1930 నంబరునకు ఫోను చేసినచో, అది ఇంకను చేతులు మారకముందు నిలుపుటకు వీలున్నది. ఆలస్యమైన కొలది ఆశ తగ్గును.

మోసగించువారు ఎవరు అని విచారించినచో మరింత బాధ కలుగును. 2024లో సిరిసిల్ల ప్రాంతపు యువకుడొకడు ఉద్యోగమని నమ్మి ఏజంటునకు సొమ్ము చెల్లించి కంబోడియాకు పోయెను. అచ్చట అతనిని నిర్బంధించి, స్వదేశీయులకే ఫోనులు చేసి మోసగించు పనిలో పెట్టిరి. ఇంటివారు పోలీసులను ఆశ్రయించగా, రాయబార కార్యాలయపు సహాయమున అతడు విడుదల పొందెను. మయన్మారులోను ఇట్టి శిబిరములు కలవు. 2025 మార్చి నెలలో అట్లు చిక్కుకొన్న అయిదువందలమందికి పైగా భారతీయులను థాయిలాండు సరిహద్దునుండి వైమానికదళపు విమానములలో స్వదేశమునకు తెచ్చిరి. వారిలో తెలుగువారును ఉండిరి.