వెట్టి దినములలో దేవుని సన్నిధి: కరీంనగర్, ఆదిలాబాదు గ్రామ సంఘముల చరిత్ర నుండి ఒక పరిశీలన

అనుదిన జీవితంలో దేవుని సన్నిధిని గురించి మాట్లాడినప్పుడు మన ప్రసంగీకులు తరచుగా సహోదరుడు లారెన్సును జ్ఞాపకం చేస్తారు. పారిస్ నగరంలోని కర్మెలు మఠంలో ఆయన వంటవాడుగా పనిచేసి, 1691లో మరణించాడు. ప్రార్థన సమయానికీ పని సమయానికీ తనకు భేదం లేదనీ, గిన్నెల చప్పుడు మధ్య కూడా దేవునితో సహవాసం చేయవచ్చుననీ ఆయన బోధించాడు. వయసు మళ్ళాక ఆయన చేసిన పని మఠంలోని సహోదరుల చెప్పులు బాగుచేయడం. ఇది మంచి బోధ. మేమూ అనేకసార్లు బోధించాం. అయితే దీనిని ఉత్తర తెలంగాణ గ్రామ సంఘాల చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న ఎదురవుతుంది. మన పితరులు కూడా చెప్పులు కుట్టారు. కానీ వారు దొరకు కూలి లేకుండా కుట్టారు, కుట్టినందుకే అంటరానివారయ్యారు. లారెన్సు తన మఠాన్ని తానే కోరుకొని వెళ్ళాడు. వెట్టిని ఎవరూ కోరుకోలేదు. అలాంటి పనిలో దేవుడున్నాడని చెప్పడం సువార్త అవుతుందా, లేక దొరకు అనుకూలమైన మాట అవుతుందా?

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీల సేవ 1870వ దశకం చివర విలియం బర్జెస్‌తో సికింద్రాబాదులో ఆరంభమై, తరువాత మెదక్, కరీంనగర్ ప్రాంతాలకు వ్యాపించింది. సువార్తను గుంపులుగా అంగీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. దొర గడిలో ఊడ్పు, బరువుల మోత, కబురు చేరవేయడం, చెప్పులు, మోట బొక్కెనలు కుట్టి ఇవ్వడం వీరి వంతు. అంటే బాప్తిస్మం పొందిన మనిషికి తన దినం మీద తనకే అధికారం లేదు. విశ్రాంతి దినాన్ని ఆచరించాలని బోధకుడు చెప్పగలడు. ఆ దినాన్ని ఇవ్వవలసింది మాత్రం దొర.

మేము సేవలో ప్రవేశించిన తొలి సంవత్సరాలలో గోదావరికి ఈవలి ఒక గ్రామంలో ఒక వృద్ధుణ్ణి, మీ చిన్ననాడు ఆదివారం ఆరాధన ఎలా జరిగేదని అడిగాం. ఆయన నవ్వి, "దొర ఇంట్ల వెట్టి జేసే నాడు ఆదివారమేడిది అయ్యగారూ? పొద్దుగూకినంకనే దేవుడు మా దిక్కు వచ్చేటోడు" అన్నాడు. ఈ మాటలో మన సంఘ చరిత్ర చాలా ఉంది. గ్రామ సంఘాలలో ఆరాధన పొద్దుపోయాక, పనులు ముగిసి, గంజి తాగాక జరిగేది. ఎమ్మాయు శిష్యులు కూడా ప్రభువును గుర్తించింది దేవాలయంలో కాదు. ప్రొద్దు గ్రుంకుతుండగా ఒక ఇంట్లో, రొట్టె విరిచినప్పుడు (లూకా 24).

రెండవ సాక్ష్యం పిడికెడు బియ్యం. ప్రతి పూటా ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోనుండి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, దానిని సంఘానికి అర్పించే ఆచారం ఇది. పొరుగున దోర్నకల్ డయోసీసులో బిషప్ అజరయ్య (1912లో అభిషిక్తులైన, ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్) ఇలాంటి అర్పణను ఎంతో ప్రోత్సహించారు. మిజోరంలో కూడా 1910 నుండి స్త్రీలు ఇదే విధంగా బియ్యం తీస్తూ సంఘాన్ని పోషించారు. మా పాస్టరేటులో ఒక తల్లి, "ఆ పిడికెడు తీసేటప్పుడే నా ప్రార్థన అయిపోతది అయ్యగారూ" అని చెప్పింది. దొర ఇంటి పనికి లెక్క లేదు. కానీ ఈ పిడికెడు ఆమె తన ఇష్టంతో ఇచ్చింది. ఇతరుల వశంలో ఉన్న దినంలో ఇదొక్కటి ఆమె స్వతంత్ర క్రియ. దీనిని మేము కేవలం కానుకగా ఎంచడం లేదు.

అయితే గ్రామ క్రైస్తవుల భక్తిని మచ్చలేనిదిగా చిత్రించకూడదు. మెదక్ డయోసీసులోని గ్రామ సంఘాలను పరిశీలించి పి. వై. లూకా, జాన్ కార్మన్‌లు 1968లో ప్రచురించిన గ్రంథం, క్రైస్తవ ఆచారాలూ గ్రామదేవతల ఆచారాలూ ఒకే ఇంట్లో ఎలా పెనవేసుకొని ఉన్నాయో చూపింది. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి మనిషి ఎవరి వైపు తిరుగుతాడన్నది ప్రసంగంతో తేలే విషయం కాదు. ఆ రాత్రి సంఘం ఆ ఇంటి గడపలో ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇక 1978వ సంవత్సరాన్ని చూద్దాం. ఆ సంవత్సరం దక్షిణ ఇండియా సంఘంలో దోర్నకల్ నుండి విడిపోయి కరీంనగర్ డయోసీసు ఏర్పడింది. అదే సంవత్సరం సెప్టెంబరులో వెట్టికీ దొరతనానికీ వ్యతిరేకంగా జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టిచాకిరీని నిషేధించే చట్టం 1976లోనే వచ్చినా గ్రామాలలో అది ముగియలేదు. ఆదిలాబాదు అడవులలో భూమి కోసం 1940లో కొమురం భీం ప్రాణమిచ్చాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల రక్తం ఒలికింది. సంఘ చరిత్ర చెప్పేటప్పుడు మనం డయోసీసు స్థాపనను జ్ఞాపకం చేసుకొని, రెండవదానిని లోక చరిత్ర అని పక్కకు నెట్టుతున్నాం. నిర్గమకాండము మనకు ఈ విభజన నేర్పలేదు. అక్కడ దేవుడు ఇటుకల పనిలో ఉన్నవారిని సహించుకొమ్మని ఓదార్చడానికి మాత్రమే దిగిరాలేదు. మొర విని, విడిపించడానికి దిగివచ్చాడు (నిర్గమ. 3:7-8).

కాబట్టి మా ప్రశ్నకు జవాబు ఇలా చెప్పుకోవచ్చు. దేవుడు వెట్టిలో ఉన్నాడని చెప్పకూడదు. వెట్టి చేసినవానితో ఉన్నాడని చెప్పాలి. ఈ రెండింటికీ చాలా దూరముంది. మొదటిది పనిని పరిశుద్ధపరచి అన్యాయాన్ని నిలబెడుతుంది. రెండవది మనిషిని నిలబెట్టి, ఆ పనిని ప్రశ్నించే ధైర్యమిస్తుంది. పొద్దుగూకాక వచ్చిన దేవుడే పొద్దున దొర ముందు తల ఎత్తే బలాన్ని ఇస్తాడు.

ఈ వివేచన నేడూ అవసరం. 2016లో ఈ రెండు జిల్లాలూ అనేక జిల్లాలుగా విడిపోయాయి. గడీలు పాడుపడ్డాయి. కానీ మన విశ్వాసులు బొగ్గుబాయిలో రాత్రి షిఫ్టు చేస్తున్నారు, సిరిసిల్ల సాంచెల వద్ద నిలబడుతున్నారు, బీడీలు చుడుతున్నారు, అప్పు చేసి గల్ఫ్‌కు వెళ్తున్నారు. ఆదివారం కనిపించలేదని వారిని హాజరు పుస్తకంలో కొట్టివేసేముందు, వారి ఆదివారం ఎవరి చేతిలో ఉందో కాపరులమైన మనం అడిగి తెలుసుకోవాలి. వారి దినం ముగిసే గడియకు మనమే వెళ్ళాలి. మన పితరుల దేవుడు ఆ గడియకే వచ్చేవాడు.