ఐబ్ చెప్పి అమ్మిన కిష్తీ

మా అబ్బా పాత కుట్టుమిషన్లు కొని, మరమ్మతు చేసి అమ్మేవారు. సెలవుల్లో నేనూ ఆయన వెంట జుమేరాత్ బజార్‌కి వెళ్లేవాణ్ణి. ఆయనకో పిచ్చి ఆదత్ ఉండేది. రంగు వేయకముందే గిరాకీని పిలిచి తుప్పు ఎక్కడుందో చూపించేవారు. "రంగేశాక పిలవొచ్చు కదండీ" అని అమ్మీ గొణిగేది. అబ్బా నవ్వి ఊరుకునేవారు.

ఈ మధ్య అమెరికాలో పాత ఫైబర్‌గ్లాస్ పడవలు బాగుచేసి నఫాకి అమ్మేవాళ్ల గురించి చదువుతుంటే అబ్బా యాదికొచ్చారు.

ఆ పడవల తారీఖ్ మరీ పాతదేం కాదు. గాజును దారాలుగా తీసే హునర్ 1930లలో పట్టుబడింది. దానికి పాలిస్టర్ రెసిన్ తోడైంది. 1942లో ఒహాయోలో రే గ్రీన్ అనే ఆయన ఈ రెండింటితో ఒక చిన్న పడవ చేశాడు. అస్లీ ఇంక్విలాబ్ మాత్రం 1959 న్యూయార్క్ బోట్ షోలో వచ్చింది. రోడ్ ఐలాండ్ రాష్ట్రం బ్రిస్టల్ ఊరికి చెందిన క్లింటన్, ఎవరెట్ పియర్సన్ అనే అన్నదమ్ముల బిడ్డలు 'ట్రైటన్' అనే తెరచాప పడవను అక్కడ పెట్టారు. నక్షా గీసింది కార్ల్ ఆల్బర్గ్. పొడవు ఇరవై ఎనిమిదిన్నర అడుగులు, ధర 9,700 డాలర్లు. అప్పటిదాకా సొంత పడవంటే రయీసుల షౌఖ్. చెక్క పడవకి ఏటా గీకుడు, రంగు, కారీగర్ల మజూరీ తప్పవు. ఇదేమో అచ్చులో పోస్తే తయారు! ఆ మోడల్ ఏడు వందలకు పైగా తయారైంది.

కొత్త సరుకు మీద భరోసా కుదరక, ఆ తొలి ఉస్తాదులు పడవ అడుగును చాలా మందంగా పోశారు. అందుకే అరవై ఏళ్లు దాటినా అవి ఇంకా తేలుతున్నాయి. 'ఆటమ్' అనే ఒక ట్రైటన్ దునియాని రెండుసార్లు చుట్టొచ్చింది. దాన్ని నడిపినాయన పేరు జేమ్స్ బాల్డ్విన్. (రచయిత బాల్డ్విన్ కాదు, ఈయన వేరే.)

"ఫైబర్ కుళ్లదు" అని అందరూ అనుకున్నారు. అది ఆధా సచ్ మాత్రమే. ఫైబర్ కుళ్లదు గానీ, పైకప్పు బరువు తగ్గించడానికి రెండు పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్క పెట్టారు. ఎక్కడో ఒక బోల్టు రంధ్రం నుంచి నీళ్లు దిగితే ఆ చెక్క లోపలే నల్లటి బురదైపోతుంది. పైన మాత్రం తళతళ! సుత్తి పిడితో తడితే తెలుస్తుంది. గట్టి చోట ఖంగుమంటుంది, కుళ్లిన చోట దప్‌మంటుంది. అడుగుభాగానిది ఇంకో బీమారీ. నీళ్లు పైపూత దాటి లోపలికి ఇంకి బొబ్బలు లేస్తాయి.

మరమ్మతంటే పై పొరను కోసి, కుళ్లిన చెక్క తవ్వి, ఆరబెట్టి, కొత్త చెక్కను ఎపాక్సీతో అతికించి, మళ్లీ గాజుగుడ్డ పరవాలి. గాజు పొడి ఒళ్లంతా గుచ్చుకుంటుంది, మాస్క్ లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దీనికంతా సబర్ కావాలి.

మరి నఫా ఎక్కడిది? ఫైబర్‌ను లోహంలా మళ్లీ కరిగించలేం. పారేయాలన్నా ఖర్చే. యజమాని ముసలివాడై కిరాయి కట్టలేకపోతే, యార్డువాళ్లు ఆ పడవను ఒక్క డాలర్‌కే ఇచ్చేసే సందర్భాలున్నాయి. అక్కడే చాలామంది దోఖా తింటారు. పడవ ముఫ్త్, కానీ ఇంజిన్, తెరచాపలు, తాళ్లు కొత్తవి కొంటే అమ్మకం ధర దాటిపోతుంది. తన గంటల మజూరీ లెక్కేసుకుంటే ఇంకా నుక్సాన్. తెలివైనవాడు కుళ్లిన పడవ కొనడు. ఇంజిన్ బాగుండి, కేవలం మైలపట్టిన పడవ కోసం చూస్తాడు. డాన్ కేసీ 1991లో 'దిస్ ఓల్డ్ బోట్' కితాబ్ రాశాక ఇంట్లోనే ఈ పని నేర్చుకున్నవాళ్లు చాలామంది.

మన తీరంలోనూ ఫైబర్ తెప్పలున్నాయి. 2004 సునామీ తర్వాత బంగాళాఖాతం తీరంలో అవి బాగా పెరిగాయి. పగిలితే ఇసుకలోనే మ్యాట్, రెసిన్‌తో అతుకేస్తారు. కానీ అది రోజీ కోసం. అమ్మకానికి ముస్తాబు చేయడం వేరు.

ఎందుకంటే అసలు ఇమ్తిహాన్ అమ్మేటప్పుడే. కుళ్లిన చోట పుట్టీ నింపి, తెల్ల రంగు కొడితే మామూలు కంటికి కనబడదు. కొన్నవాడు తుఫానులో ఉన్నప్పుడు తాడు బిగించిన బోల్టు ఊడొస్తే ప్రాణం మీదికొస్తుంది. అమెరికాలో పాత పడవలు చాలావరకు "ఉన్నది ఉన్నట్టుగా" అనే షరతు మీదే అమ్ముడవుతాయి. అందుకే కొనేవాళ్లు సుత్తి, తేమ మీటరు పట్టుకున్న సర్వేయర్‌కి ఫీజిచ్చి తెచ్చుకుంటారు. మన ఫిఖ్‌లో దాచిన ఐబ్ బయటపడితే సరుకు వాపస్ చేసే హక్కుంది, 'ఖియారె ఐబ్' అంటారు. రెండు పద్ధతుల్లో జిమ్మేదారీ ఎవరిమీద పడుతుందో చూడండి.

అయితే మంచి కారీగర్లు అక్కడా ఉన్నారు. కోసిన పైకప్పు, నల్లబడ్డ బాల్సా, కొత్త చెక్క, ప్రతి దశనూ ఫోటో తీసి ఫైలు కట్టి గిరాకీ చేతిలో పెడతారు. ఐబ్ చూపించినందుకే ధర పెరుగుతుంది. అబ్బా దగ్గర కెమెరా ఎక్కడిది? మిషన్ నుంచి గీకిన తుప్పును ఉర్దూ అఖ్బార్ ముక్కలో పొట్లం కట్టి, మిషన్ సొరుగులోనే పెట్టి ఇచ్చేవారు.