చిల్లగింజకు లొంగని విషం

చిల్లగింజను కుండ లోపలి గోడకు గంధంలా అరగదీసి బురదనీళ్లు పోస్తే, కాసేపటికి మన్ను అడుగుకు దిగి పైన నీరు తేటపడుతుంది. గింజలోని జిగురు మట్టి రేణువులను ఒకదానికొకటి అతికించి బరువెక్కిస్తుంది. నీటిని తేర్చడానికి సుశ్రుత సంహిత చెప్పిన ఏడు వస్తువుల్లో ఇదొకటి. అక్కడ దీని పేరు కతకం.

అయితే తేటనీరంతా మంచినీరు కాదు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బుకు, చేపల ద్వారా మనుషులకు చేరిన పాదరసమే కారణమని తర్వాత తేలింది. 1983లో పశ్చిమ బెంగాల్‌లో గొట్టపు బావుల నీళ్లు తాగినవారి ఒంటిమీద మచ్చలకు ఆర్సెనిక్కే కారణమని తేలింది. చూడటానికి ఆ నీళ్లు అద్దంలా ఉంటాయి. కరిగిన లోహం అడుగుకు దిగదు, గుడ్డకు చిక్కదు. కాస్తే మరింత చిక్కబడుతుంది. లీటరు నీటిలో ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఈ విషానికి విరుగుడు వెతుకుతూ శాస్త్రవేత్తలు మళ్లీ మొక్క దగ్గరికే వచ్చారు. దానికి పునాది ముందే పడింది. 1950 ప్రాంతంలోనే స్వీడన్‌లో రాన్బీ అనే శాస్త్రవేత్త మొక్కల నారలో ఉండే సెల్యులోజ్‌ను ఆమ్లంతో నానో స్ఫటికాలుగా విడదీశాడు. 1983 నాటికి అమెరికాలో కలప గుజ్జును తీవ్రమైన ఒత్తిడితో చీల్చి సన్నని పోగులు తీశారు. పోగు ఎంత సన్నమైతే అంత ఎక్కువ ఉపరితలం బయటపడుతుంది. దానిమీద కార్బాక్సిల్ సమూహాలను పుట్టిస్తే రుణావేశం వస్తుంది. ధనావేశమున్న సీసం, కాడ్మియం అక్కడ అంటుకుపోతాయి. ఆర్సెనిక్ తీరు వేరు. నీటిలో దానికి ధనావేశం ఉండదు కాబట్టి ఉత్త సెల్యులోజ్‌కు లొంగదు, ఇనుము తోడు కావాలి. మద్రాసు ఐఐటీలో టి. ప్రదీప్ బృందం ఆ తోడునే వాడుకుంది. మొదట రొయ్య పెంకుల వంటివాటి నుంచి తీసే కైటోసాన్‌తో, తర్వాత సెల్యులోజ్‌తో ఇనుప ఆక్సైడ్‌ను కలిపి వడపోత పదార్థాలు తయారుచేసింది.

ఆకుల కథ వేరే దారిలో నడిచింది. 2004 నాటికి పుణెలో మురళీ శాస్త్రి బృందం వేపాకు కషాయంతో వెండి, బంగారు నానో రేణువులు చేసి చూపింది. తర్వాత తేయాకు కషాయంతో ఇనుప రేణువులూ వచ్చాయి. ఇనుప నానో రేణువులు ప్రమాదకరమైన ఆరు వేలెన్సీ క్రోమియంను అంత హాని లేని మూడు వేలెన్సీ రూపంలోకి మారుస్తాయి.

ఈ పరిశోధనల్లో చాలావరకు బీకరు దాటలేదు. ఒకే లోహం కలిపిన శుభ్రమైన నీటిలో దొరికే ఫలితం, నాలుగు రకాల లవణాలున్న బోరు నీటిలో దొరకకపోవచ్చు. నాకు అంతకంటే పెద్ద బెంగ మరొకటుంది. లోహం నశించదు. నిండిపోయిన వడపోత పదార్థాన్ని గుంతలో పారేస్తే, అది వానకు మళ్లీ నీటిలోకే దిగొచ్చు. మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటి వడపోత యంత్రం పెడతామని వస్తే, అది నిండాక ఎవరు తీసుకెళ్తారో, ఎక్కడ వేస్తారో ముందే అడిగి రాయించుకోండి.