దిగువ కృష్ణా డెల్టాలో తత్త్వశాస్త్ర పట్టభద్రవిద్య: ఒక పరిశీలన

తెలుగు వాడుకలో ‘తత్త్వం’ అంటే మనిషి స్వభావం. తంబురా మీటుతూ పాడే వైరాగ్యగీతం కూడా తత్త్వమే. ‘తత్త్వం బోధపడింది’ అన్నప్పుడు అది అనుభవం నేర్పిన చేదునిజం. బి.ఏ. తరగతిలో చదివే తత్త్వశాస్త్రం వీటిలో దేనికీ సరిగా ఒదగదు. ఈ ఎడం పదానిది మాత్రమే కాదు, చరిత్రది కూడా.

మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో ఆంగ్ల పాఠశాల తెరిచారు. అదే తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగింది. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయం బి.ఏ.లో తత్త్వశాస్త్రాన్ని ‘మానసిక, నైతిక శాస్త్రం’ పేరుతో చేర్చింది. ఆ పేరులోనే దాని పరిధి తెలుస్తుంది. మనశ్శాస్త్రం, తర్కం, నీతిశాస్త్రం, ఐరోపా తాత్త్విక చరిత్ర అందులో ప్రధానాంశాలు, బోధన ఆంగ్లంలో. న్యాయ, వేదాంతాలు సంస్కృత పండితుల దగ్గర గురుముఖంగా సాగుతూనే ఉన్నాయి. ఒకే ఊళ్లో రెండు తర్కాలు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా.

ఆ రెండింటినీ ఎదురుపడేలా చేసిన విద్యార్థి సర్వేపల్లి రాధాకృష్ణన్. మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆయన ఈ శాస్త్రాన్ని ఎంచుకోవడానికి కారణం జ్ఞానతృష్ణ కాదు, చేతిలో డబ్బు లేకపోవడం. చదువు ముగించిన బంధువొకరు తన తత్త్వశాస్త్ర గ్రంథాలు ఇచ్చారు. కొనే పని తప్పింది. అయితే తరగతిలో ఎదురైన విమర్శ ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. జగత్తు మిథ్య అనే వేదాంతంలో నీతికి చోటెక్కడిదని మిషనరీ విమర్శకులు అడిగేవారు. ఎం.ఏ. పరీక్ష కోసం వేదాంతనీతిపై ఆయన రాసిన, 1908లో అచ్చయిన సిద్ధాంతవ్యాసం దానికి జవాబు. పాశ్చాత్య పాఠ్యప్రణాళికే భారతీయ దర్శనాన్ని వెతుక్కునే అవసరం కల్పించిందన్నమాట. ఆ జవాబు కూడా ఆంగ్లంలోనే వెలువడిందన్న సంగతి తెలుగు పరిశోధకులు తరచుగా దాటవేస్తారు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడింది. 1931 నుంచి 1936 వరకు రాధాకృష్ణన్ దానికి ఉపాధ్యక్షులు. ఈ ప్రాంతపు కళాశాలలు అటుపై 1976లో నాగార్జున విశ్వవిద్యాలయాన్ని, 2008లో కృష్ణా విశ్వవిద్యాలయాన్ని చూశాయి. పట్టా మీది ముద్ర మారినంత తేలికగా తత్త్వశాస్త్రపు భాష మారలేదు.

తరగతి బయట సంగతి వేరు. ఈ డెల్టాలో తాత్త్విక ప్రశ్నను తెలుగులో గట్టిగా అడిగినవారిలో ఒకరు వృక్షశాస్త్ర అధ్యాపకులు. గోపరాజు రామచంద్రరావు (గోరా) నాస్తికభావాల కారణంగా కాకినాడలోనూ, ఆ తరువాత మచిలీపట్నం హిందూ కళాశాలలోనూ కొలువు పోగొట్టుకున్నారు. 1940లో ఉయ్యూరు దగ్గరి ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. గుడివాడ పక్కనున్న అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’తో పురాణ ప్రామాణ్యాన్నే ప్రశ్నించారు. ఆయన కుమారుడు గోపీచంద్ ‘తత్త్వవేత్తలు’ రాసి, ప్రపంచ చింతకులను పట్టా అవసరం లేని పాఠకుడి ముందుంచారు. ఆంగ్ల తరగతికీ తెలుగు ఇంటికీ మధ్య వంతెన కట్టినవి విశ్వవిద్యాలయాలకంటె ఇలాంటి రచనలే అనడం అతిశయోక్తి కాదు.

1968లో తెలుగు అకాడమి ఏర్పడి, ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు రావడంతో తత్త్వశాస్త్రానికి పారిభాషిక పదాలు కావలసివచ్చాయి. చిక్కు అక్కడ మొదలైంది. సామాన్య సూత్రం నుంచి విశేషానికి దిగే అనుమానానికి ‘నిగమనం’, విశేషాల నుంచి సామాన్యానికి ఎక్కేదానికి ‘ఆగమనం’ అనే మాటలు స్థిరపడ్డాయి. న్యాయశాస్త్రంలో నిగమనం పద్ధతి కాదు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం తరువాత వచ్చే అయిదో అవయవం, అంటే వాక్యం ముగింపు. పైగా ఆ ఉదాహరణ అనే అవయవంలోనే, పొగ ఉన్నచోట నిప్పుంటుందన్న వ్యాప్తితోపాటు వంటిల్లు దృష్టాంతంగా నిలుస్తుంది. అరిస్టాటిల్ మూడు వాక్యాల అనుమానంలో ఆ వంటింటికి చోటు లేదు. ఇక ‘ఆగమనం’ వినగానే సంప్రదాయం తెలిసినవాడికి స్ఫురించేది ఆగమం, అంటే ఆప్తవాక్యం. పరిశీలనతో సాధించే జ్ఞానానికి అది దాదాపు ఎదురు. డిగ్రీ కళాశాలలు 2021లో ఆంగ్ల మాధ్యమానికి మారకముందు, పామర్రు నుంచి బందరుకో గుడివాడకో వెళ్లి తెలుగు మాధ్యమంలో బి.ఏ. చదివిన విద్యార్థి తర్కపు పుస్తకంలో ఒక నిగమనాన్నీ, తర్కసంగ్రహంలో మరో నిగమనాన్నీ ఎదుర్కొనేవాడు. ఈ రెండూ ఒకటి కావని చెప్పే పాదసూచిక ఆ పాఠ్యగ్రంథంలో ఉండాలి. దాన్ని రాయవలసింది తత్త్వశాస్త్ర శాఖ ఒక్కటే కాదు, తెలుగు శాఖ కూడా.